తలుపు లేని స్టేషన్

పట్టు అమ్మేవాడికి పట్టుదల ఉండటంలో వింతేమీ లేదు. మిఠాయి అమ్మేవాడికి చక్కెర జబ్బు వచ్చినట్టే అదీను. ఖాదర్‌వలికి మాత్రం దేవుడు రెండూ ఇచ్చాడు, పట్టుదలా చక్కెర జబ్బూ. హిందూపురంలో పట్టుదారం కొని, సంచిలో కుక్కుకుని, పొద్దున్నే పాసింజరు రైలెక్కి, ధర్మవరం మగ్గాల వాళ్లకు అమ్మి, సాయంత్రానికి ఇల్లు చేరడం ఆయన వ్యాపారం. పట్టు ఆయన చేతిలో ఉండేది. విడుపు ఆయన వంశంలోనే లేదు.

పాసింజరు అంటే ఏమిటో తెలియని అదృష్టవంతుల కోసం చెబుతున్నాను. అది ప్రతి స్టేషన్లోనూ ఆగుతుంది, స్టేషన్ లేని చోట ఇంకా ఎక్కువసేపు ఆగుతుంది. అందులో ఇంజను వెనక మూడో పెట్టెలో, పెనుకొండ ప్లాట్‌ఫారం ఏ వైపు వస్తుందో ఆ వైపు కిటికీ సీటు ఖాదర్‌వలిది. ఈ సంగతి రైల్వే వాళ్లకు తెలియదు. తెలియాల్సిన పనీ లేదు. బండి నిలవకముందే కిటికీ ఊచల సందులోంచి చేతిరుమాలు లోపలికి విసిరితే, అది ఏ సీటు మీద పడితే ఆ సీటు విసిరినవాడిది. సీజన్ టికెట్ల వాళ్ల రాజ్యాంగంలో ఇదొక్కటే అధికరణం, దానికి ఇంతవరకు సవరణ కూడా లేదు. ఖాదర్‌వలి గళ్ల రుమాలు ఎనిమిదేళ్లుగా గురి తప్పలేదు.

గాలి కోసమనో, ప్రకృతి అందాల కోసమనో ఆయన కిటికీ పక్కన కూర్చునేవాడు అనుకుంటే పొరపాటు. హిందూపురం, ధర్మవరం మధ్య ప్రకృతి అంటే ఒక గుట్ట, దాని పక్కన ఇంకో గుట్ట, ఆ రెంటి మధ్య వానకోసం చూసే వేరుశనగ చేను. ఆయన చూపంతా పెనుకొండ మీద. ఆ ప్లాట్‌ఫారం మీద టీ అమ్మే నౌషాద్ ఆయన సొంత తమ్ముడు. అన్నదమ్ములకు మాటల్లేక ఎనిమిదేళ్లు.

తగవు తలుపు దగ్గర వచ్చింది. వాళ్లది తలుపుల అనే ఊరు. నాయన పోయాక ఊళ్లోని ఇల్లు పంచుకున్నారు. పెద్దమనుషులు టేపు పట్టుకుని నిలువునా సగానికి గీత గీశారు. గీత న్యాయంగానే వచ్చింది గానీ వీధి తలుపు ఆ న్యాయాన్ని చూసుకోకుండా మొత్తంగా ఖాదర్‌వలి సగంలో పడింది. "మరి నేను యా దావన వచ్చేదిన్నా, యా దావన పోయేది?" అని అడిగాడు నౌషాద్. "గోడ పగలగొట్టి నీదొక తలుపు పెట్టుకో. నాది మూసినాక మూసిందే" అన్నాడు ఖాదర్‌వలి, మూస్తూనే. నౌషాద్ గోడ పగలగొట్టలేదు. పెట్టె సర్దుకుని పెనుకొండ వెళ్లిపోయాడు. "తలుపులలో పుట్టి తలుపు కోసరం చెడినోళ్లు మనమే రా" అని వాళ్లవ్వ నెత్తి కొట్టుకుంది. ఆ తర్వాత ఖాదర్‌వలి కూడా హిందూపురం మారాడు. ఇప్పుడా తలుపు వెనక ఎవరూ లేరు. అయినా మూసే ఉంది, మూసినాక మూసిందే కదా.

మాటలు లేవన్నానే గానీ టీ లేదనలేదు. పెనుకొండలో బండి ఆగగానే ఊచల సందులోంచి ఒక చెయ్యి బయటికి వెళ్లేది. బయటి నుంచి ఇంకో చెయ్యి టీ గ్లాసు అందించేది. చేతులు రెండూ ఒకే తల్లి కన్నవే గానీ, పరిచయం లేనట్టు నటించేవి. ఖాదర్‌వలికి చక్కెర జబ్బని డాక్టరు చెప్పిన వారం, ఎవరు చేరవేశారో గానీ టీలో చక్కెర మాయమైంది. ఖాదర్‌వలి తాగి, మూతి తుడుచుకుని, గుట్టల వైపు చాలాసేపు చూశాడు.

దిగి వెళ్లి తాగవచ్చు కదా అని మీరంటారు. దిగితే అన్న తమ్ముడి దగ్గరికి వెళ్లినట్టు. కిటికీలోంచి అయితే టీయే అన్న దగ్గరికి వచ్చినట్టు. ఈ తేడా తెలియనివాడు రాయలసీమలో పరువుగా బతకలేడు. అందుకే ఆ సీటు పోతే తమ్ముడు పోయినట్టే అని ఖాదర్‌వలి లెక్క. ఆ లెక్క ఆయన ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోయినా ఆ పెట్టెలో అందరికీ తెలుసు, పైకి తెలియనట్టు ఉండేవాళ్లు. రైల్లో మర్యాద అంటే అదే.

ఇక ఆట సంగతి. ఆ పెట్టెలో మొదట పేకాట ఉండేది. నలుగురి మోకాళ్ల మీద తువ్వాలు పరిస్తే అదే క్లబ్బు. ఒకరోజు కొత్తగా వచ్చిన రైల్వే హెడ్డు కానిస్టేబులు రాజులనూ రాణులనూ జోకర్లతో సహా జేబులో వేసుకుని పోయాడు. పేక పోయాక మిగిలింది పీకులాటే. ఆ కరువు రోజుల్లో ఖాదర్‌వలి మేనల్లుడు ఇర్షాద్ బెంగళూరు నుంచి ఒక అట్టపెట్టె తెచ్చి ఇచ్చాడు. అందులో ముక్కలే, కానీ రాజు లేడు, రాణి లేదు. ఆకాశంలో స్టేషన్ కట్టే ఆట అది. గాలి డబ్బా, నీళ్ల ట్యాంకు, సోలారు రెక్క, పడకగది, వంటిల్లు, కక్కసు, తలుపు, ఇవి ఏడూ ఏడు ముక్కలు. మొదట మూడు ముక్కలు పంచుతారు. ఆ తర్వాత వంతుకొకటి తీయాలి, పనికొస్తే ఉంచుకోవాలి, పనికిరాకపోతే పారేయాలి. ఏడు గదులూ ముందు ఎవడికి కుదురుతాయో వాడు వాటిని తెరిచి పరిచి గెలుస్తాడు. ఉల్క ముక్క వస్తే మాత్రం ఎదుటివాడి చేతిలోంచి ఒక గదిని బూడిద చేయవచ్చు. ఆకాశమంత ఆట, అసూయ మాత్రం అచ్చం నేలదే.

అది రెండువేల ఒకటో సంవత్సరం. పై దేశాల వాళ్లు నిజంగానే నింగిలో ఒక స్టేషన్ కట్టుకుంటున్నారని పేపర్లో వచ్చేది. నిన్నమొన్నటిదాకా ఒకరి మీద ఒకరు బాంబులు గురిపెట్టుకున్నవాళ్లు అక్కడ ఒకరి గదికి ఒకరు తలుపులు బిగించుకుంటున్నారు. ఖాదర్‌వలి ఆ వార్త చదివి, పేపరు మడిచి, దాని మీద కూర్చున్నాడు.

ఆట మొదలైన మూడోరోజే హెడ్డు కానిస్టేబులు మళ్లీ వచ్చాడు.

"ఏమప్పా, మళ్లా పేకాటనా?"

"సైన్సు సార్" అన్నాడు ఆశీర్వాదం. ఆయన ధర్మవరం పోస్టాఫీసులో ఉత్తరాలు సార్టు చేసే మనిషి. ఆట నియమాల ఇంగ్లీషు కాగితం ఆయన జేబులోనే ఉండేది, ఎందుకంటే ఆ గుంపులో ఇంగ్లీషుకు భయపడని వాడు ఆయనొక్కడే.

కానిస్టేబులు ముక్కలు తిప్పి తిప్పి చూశాడు. ఒక దాని దగ్గర ఆగాడు. "ఇదేంది?"

"కక్కసు సార్. ఆకాశంలోది."

"నీళ్లుండాయా దాంట్లో?"

"దానికి వేరే ముక్క ఉండాది సార్."

"ఈ బండిలో అదొక్క ముక్కే తగ్గిపాయె" అని ఆయన నిట్టూర్చి, ముక్కలు తిరిగి ఇచ్చి వెళ్లిపోయాడు.

ముక్కలు కొత్తవైనా ఆడేవాళ్లు పాతవాళ్లే. ఆకాశంలో ఇల్లు కడుతూ కూడా వాళ్లు రమ్మీ వదల్లేదు. ముక్క తీస్తే నాలుకతో వేలు తడుపుకోవడం మానలేదు. ఆట ముగిస్తే కాగితంలో ఏముందో చూడకుండా "షో!" అని అరిచేవాళ్లు. ఇందులో ముక్క మూసి షో అనడం లేదు, అన్నీ తెరిచి చూపడమే అని ఆశీర్వాదం చెప్పి చెప్పి అలసిపోయాడు. ఒకసారి ఆయన వేళ్ల సందులోంచి నీళ్ల ట్యాంకు జారి తువ్వాలు మీద బోర్లా పడింది. తీసుకోబోతే ఖాదర్‌వలి చెయ్యి అడ్డం పెట్టాడు.

"పడనీ. మూసినాక మూసిందే."

"జారిందప్పా, నేను వెయ్యలే."

"జారినా మూసిందే. రూలు రూలే."

"ఆ రూలు ఈ కాగితంలో యాడుండాది?"

"నా నోట్లో ఉండాది. చాలదా?"

ఆశీర్వాదం నీళ్లు లేని స్టేషన్‌తో ఓడిపోయాడు. ఆ రోజు నుంచి అది అందరికీ రూలు అయింది. రూలు పెట్టినవాడికి తప్ప తక్కినవాళ్లకే తగులుతుందని నమ్మడం పెద్దమనుషులందరికీ ఉండే జబ్బు, దానికి చక్కెర తగ్గించినా లాభం లేదు.

ఇలా ఆట సాగుతుండగా ఉలిగప్ప మోపెడు కొన్నాడు. ఉలిగప్ప ధర్మవరంలో డ్రిల్లు మాస్టరు. మెడలో ఈల, మూతి మీద మీసం, రెండూ ఎప్పుడూ పైకే. ఇదివరకు ఈల వేసుకుంటూ నడిచొచ్చి ఏదో ఒక మూల ఇరుక్కునేవాడు. మోపెడొచ్చాక ముందుగా రావడం మొదలుపెట్టాడు. ముందుగా వచ్చినవాడికి ముందు పుట్టే కోరిక కిటికీ. ఒక సోమవారం గళ్ల రుమాలూ, తెల్ల రుమాలూ ఒకే కిటికీలోంచి దూరి ఒకే సీటు మీద ఒకదాన్నొకటి కావలించుకుని పడ్డాయి.

"నాది కింద ఉండాది చూడు. అంటే ముందు పడిందని" అన్నాడు ఖాదర్‌వలి.

"నాది పైన ఉండాది. అంటే గెలిచిందని" అన్నాడు ఉలిగప్ప.

"ఎనిమిదేండ్ల నుంచీ ఈ సీటు నాదని బండికంతా తెలుసు."

"బండికి తెలిస్తే బండిని సాక్ష్యం చెప్పమను. నాకు గాలి కావల్లప్పా. పొద్దంతా పిల్లోళ్లతో అరిచే గొంతు ఇది."

"గాలి కావల్లంటే తలుపు కాడ నిలబడు. బండెడు గాలి."

మాట మీద మాట పెరిగింది. ఇద్దరూ సీటు మీద చెరొక సగం కూర్చున్నారు. తలుపుల ఇల్లు పంచినట్టే పంచుకున్నారు గానీ, ఈసారి తలుపు బదులు సీటులో ఉన్న మేకు ఒకరి వాటాలో వచ్చింది. అది ఎవరి వాటాలో వచ్చిందో ఖాదర్‌వలి మొహం చూస్తేనే తెలుస్తోంది.

పూలబుట్టతో కింద కూర్చుని కనకాంబరాలు కడుతున్న దాసమ్మకు చిరాకేసింది. ఆమె రోజూ ఆ పెట్టెలోనే ధర్మవరం వెళ్లి పూలు అమ్ముతుంది. పెట్టెలో ఉన్న మగవాళ్లందరి కంటే ఆమె గొంతు పెద్దది, కాబట్టి తీర్పులు ఆమెవే.

"థూ, మీ మీసాలు మండ! ఆకాశంలో బంగళాలు కడ్తారు, ఈడ జానెడు చెక్క కోసరం చస్తారు. ఆ ఆటే ఆడండి. పెనుకొండ వచ్చే లోపల ఎవుడు గెలిస్తే కిటికీ వానిది. మళ్లా కుయ్ కయ్ అనగూడదు."

"ఎన్నాళ్లకు?" అన్నాడు ఉలిగప్ప.

"మీరు రైలెక్కినన్నాళ్లకు."

ఖాదర్‌వలి లెక్క వేసుకున్నాడు. కాదంటే భయపడ్డట్టు. ఔనంటే తమ్ముడి చెయ్యిని పణంగా పెట్టినట్టు. పరువుకూ ప్రాణానికీ పోటీ వస్తే మనవాళ్లు దేన్ని ఎంచుకుంటారో మీకు తెలుసు. "ముక్కలు వెయ్యి" అన్నాడు.

ఆశీర్వాదం కలిపి పంచాడు. తాను ఆడనన్నాడు, న్యాయం చూస్తానన్నాడు. మలుగూరు దాటేసరికి ఖాదర్‌వలి చేతిలో గాలి, నీళ్లు, సోలారు రెక్క ఉన్నాయి. ఉలిగప్పకు పడకగదులే మూడు వచ్చాయి. "మాస్టరు గదా, బళ్లో నిద్రపోయే అలవాటు ఆకాశంలోనూ పోలేదు" అంది దాసమ్మ. ఉలిగప్ప కోపంతో ఉల్క వేశాడు, ఖాదర్‌వలి నీళ్ల ట్యాంకు బూడిదైంది.

"రాయలసీమోడికి నీళ్లు లేకుంటే ఏమప్పా, అలవాటే గదా!" అని ఉలిగప్ప ఈల ఊదాడు. గార్డు ఊదాడనుకుని ఎవరో ముసలాయన కంగారుగా మూట సర్దుకున్నాడు.

చాకర్లపల్లి దాటింది. ఖాదర్‌వలికి నీళ్లు మళ్లీ వచ్చాయి. వంటిల్లు వచ్చింది, పడక వచ్చింది. ఆకాశంలో కూడా కక్కసు దొరకడం కష్టమే అనుకుంటుండగా అదీ వచ్చింది. ఇంక కావలసింది ఒక్క తలుపు. అటు ఉలిగప్పకూ ఆరు ముక్కలు కుదిరాయి, ఆయనకు గాలి డబ్బా ఒక్కటే లేదు. గాలి కోసం కిటికీ అడిగినవాడికి గాలే కరువు కావడం న్యాయమని ఖాదర్‌వలి అనుకున్నాడు.

పెనుకొండ కొండ మీది కోట గోడలు కనిపించాయి. బండి జోరు తగ్గసాగింది. ఖాదర్‌వలి నాలుకతో వేలు తడుపుకుని ముక్క తీశాడు. తిప్పి చూశాడు.

తలుపు!

ఆ క్షణంలో ఆయన కళ్లకు ముక్క కనిపించలేదు. ఊచల అవతల ఒక చెయ్యి, అందులో టీ గ్లాసు, పైన తేలే ఆవిరి కనిపించాయి. సంతోషం తలకెక్కింది. తలకు సంతోషమెక్కితే చేతులు తమకు తెలిసిన పనే చేస్తాయి. ముప్ఫై ఏళ్లుగా రమ్మీలో ఆట ముగించేటప్పుడు చేసే పనే ఆ చేతులు చేశాయి. తీసిన ముక్కను తువ్వాలు మధ్యలో బోర్లా మూసి, దాని మీద చప్పున ఒక దెబ్బ వేశాయి.

"షో!"

తక్కిన ముక్కలను మోకాళ్ల మీద వరసగా పరిచాడు. ఉలిగప్ప మీసం కిందికి దిగింది. కాసేపే. మళ్లీ ఒక్కొక్క వెంట్రుకే పైకి లేచింది.

"ఆరుండాయి" అన్నాడు.

"ఏడు" అన్నాడు ఖాదర్‌వలి.

"ఎంచుకో."

ఎంచుకున్నాడు. పైనుంచి ఎంచినా ఆరే. కింది నుంచి ఎంచినా ఆరే. గాలి ఉంది, నీళ్లున్నాయి, కరెంటుంది, వంట ఉడుకుతోంది, మంచం వాల్చి ఉంది, కక్కసు కూడా ఉంది. ఆకాశంలో అంత సౌకర్యమైన ఇల్లు మరొకటి లేదు, లోపలికి పోవడానికే దారి లేదు.

"తలుపు ఆడుండాది గదప్పా, నేను మూసింది అదే" అని చెయ్యి చాపాడు ఖాదర్‌వలి.

ఉలిగప్ప చెయ్యి అడ్డం పెట్టాడు. "మూసినాక మూసిందే."

"అలవాటులో వేసినానయ్యా! రమ్మీ అనుకుని..."

"జారినా మూసిందే. రూలు యాడుండాదో చెప్పు ఆశీర్వాదం."

ఆశీర్వాదం ఇంగ్లీషు కాగితం తీయలేదు. "ఆయన నోట్లో" అన్నాడు మెల్లగా. నీళ్ల ట్యాంకు ఇంకా మర్చిపోలేదు.

ఖాదర్‌వలి దాసమ్మ వైపు చూశాడు. దాసమ్మ కనకాంబరాల వైపు చూసింది. "తలుపులలో పుట్టి నీకీ తలుపుల తెగులు ఏందప్పా" అంది, తల ఎత్తకుండానే. "తప్పు షో పెట్టినోడు ఓడినట్టే. లెయ్యి. మాటంటే మాటే."

లేచాడు. పట్టు సంచి భుజానికి తగిలించుకుని, ఇద్దరు ఆడవాళ్లనూ ఒక కోళ్ల గంపనూ దాటి, నడవ అవతలి సీటు చివర చోటు చేసుకున్నాడు. ఉలిగప్ప రాజ్యాభిషేకానికి కూర్చున్నట్టు కిటికీ పక్కన కూర్చుని, తెల్ల రుమాలుతో ఊచలు తుడుచుకున్నాడు.

బండి పెనుకొండలో ఆగింది.

టీ గ్లాసు పట్టుకున్న చెయ్యి మామూలుగానే కిటికీ దగ్గరికి వచ్చింది. బయటికి వెళ్లాల్సిన చెయ్యి వెళ్లలేదు. బదులుగా మీసం వచ్చింది.

"ఇట్లియ్యప్పా" అంది మీసం.

"ఇది నీది గాదు" అన్నాడు నౌషాద్.

"ఈ పొద్దు నుంచీ ఈ సీటు నాదే."

"సీటు నీదైతే కూచో. టీ నీది గాదు. చక్కెర లేని టీ నువ్వేం తాగుతావు?" నౌషాద్ ఊచల సందులోంచి లోపలికి తొంగి చూశాడు. గుంపులో అన్న కనిపించలేదు. కోళ్ల గంప ఒకటే కనిపించింది. "ఈడ కూచునేటాయన... రాలేదా? బాగుండాడా?"

అన్న అనలేదు. కూచునేటాయన అన్నాడు. నడవ అవతల నుంచి ఖాదర్‌వలి విన్నాడు.

ఉలిగప్ప ఏదో చెప్పబోయాడు. దాసమ్మ పూలబుట్టతో ఆయన మోకాలి మీద ఒకటి పొడిచింది. మీసం మూసుకుంది.

ఇంజను కూత వేసింది. ఇక్కడ నుంచి పలికితే ముందు పలికినవాడు ఖాదర్‌వలి అవుతాడు. పలకకపోతే పెనుకొండ ప్లాట్‌ఫారం మీద ఒక మనిషి రేపటిదాకా, తన అన్న బతికున్నాడో లేడో అనుకుంటూ చల్లారిన టీ పట్టుకుని నిలబడతాడు. బండి ఒక్క కుదుపు కుదిపింది.

"రేయ్ నౌషాదూ!" పెట్టెలో కోళ్లన్నీ లేచాయి. "ఈడుండా రా! నేనీడుండా!"

నౌషాద్ తల ఊచలకు తగిలింది. ఇక తియ్యటి మాటే వస్తుందని ఆశపడేవాళ్లకు ఆ కుటుంబం తెలియదన్నమాట.

"ఉండావా? ఉంటే నోట్లో ఏం పెట్టుకోని ఉండావు ఇంతసేపు? ఇంత దూరం నుంచి టీ ఎట్లిచ్చేది, నా చెయ్యేమన్నా చేంతాడా? తలుపు కాడికి రా!"

ఖాదర్‌వలి లేచాడు. కోళ్లగంప ఎక్కాడు. ఎవరి కాలో తొక్కాడు. పట్టు సంచి ఎవరి మెడకో తగిలి, వాళ్లు ఆయన పూర్వీకులను తలుచుకున్నారు. తలుపు దగ్గరికి చేరేసరికి బండి కదిలింది. నౌషాద్ గ్లాసు పట్టుకుని పక్కన పరిగెత్తుతున్నాడు, ఇంకో చేత్తో లుంగీ పట్టుకుని.

"పట్టుకోన్నా! పట్టు!"

పట్టు వ్యాపారి పట్టుకున్నాడు. సగం టీ చొక్కా తాగింది. మిగతా సగం గ్లాసుతో సహా చేతికొచ్చింది.

"గ్లాసు రేపియ్యి!" అని అరిచాడు నౌషాద్, ప్లాట్‌ఫారం చివర ఆగిపోయి. "ఎనిమిదేండ్ల కోపం నీకు, ముండమోపోడా! పో!"

ఖాదర్‌వలి తలుపు దగ్గరే నిలబడి ఆ సగం టీ తాగాడు. ఉలిగప్పకు తాను చెప్పింది నిజమే, అక్కడ బండెడు గాలి. కళ్లలోకి దుమ్ము కూడా పడింది. తుడుచుకోవడానికి గళ్ల రుమాలు పనికొచ్చింది, ఇంక దానికి వేరే పనేముంది.

ఖాళీ గ్లాసుతో లోపలికి వచ్చాక దాసమ్మ అడిగింది. "ఏమప్పా, ఎన్నేండ్లకో మాట్లాడితిరి. ఏమనె మీ తమ్ముడు?"

"తిట్టినాడు" అన్నాడు ఖాదర్‌వలి, ఆట గెలిచినవాడి మొహం పెట్టుకుని.

కిటికీ పక్కన ఎండ నేరుగా పడుతోంది. ఉలిగప్ప మీసం మీద చెమట పట్టింది. ఆయన బోర్లా పడి ఉన్న ఆ ముక్కను మెల్లగా తీసి ఖాదర్‌వలి వైపు చాపాడు.

"ఏమప్పా, రేపు మళ్లా ఒక ఆట వేద్దామా? సీటుకే."

"కిటికీ నాకెందుకబ్బా" అన్నాడు ఖాదర్‌వలి, తలుపు ముక్కను జేబులో వేసుకుంటూ. "గాలి కావల్లంటివి గదా, నువ్వే ఉంచుకో."